పైవేవీ కావు

మా రాగులకుంట మండలంలో లా చదవాలనుకున్న మనిషి ఒక్కతే. పేరు కుళ్లాయమ్మ. ఆమెకు కోచింగు ఇవ్వడానికి ప్రభుత్వం ముప్పై కుర్చీలు పంపింది.

కుర్చీలతోబాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. గ్రామీణ యువతను న్యాయవిద్య వైపు నడిపించడానికి ప్రతి మండల కేంద్రంలోనూ లా ఎంట్రన్సుకు నలభై రోజుల ఉచిత శిక్షణ ఇవ్వాలట. క్లాసులో ముప్పై మందికి ఒక్కరు తగ్గినా తహశీల్దారు సంజాయిషీ ఇచ్చుకోవాలట. మా తహశీల్దారు పినాకపాణి గారికి సంజాయిషీలు అడగడంలో ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది గానీ ఇవ్వడంలో లేదు. ఆటోకు మైకు కట్టించి మూడు రోజులు ఊళ్లన్నీ తిప్పారు. అవి చింతపండు కొట్టే రోజులు. కుళ్లాయమ్మ తప్ప ఎవరూ రాలేదు.

నాలుగో రోజు ఆయనకు జ్ఞానోదయమైంది. మనుషులు లేకపోవడమేమిటి, ఆఫీసు నిండా ఉన్నారు కదా! తానూ, గుమాస్తాలూ, అటెండర్లూ, వాచ్‌మనూ, ఊళ్లనుంచి పిలిపించిన వీఆర్వోలూ అందరినీ లెక్కేస్తే ఇరవై ఎనిమిది మంది తేలారు. కుళ్లాయమ్మతో ఇరవై తొమ్మిది. ఇంకొక్కరు కావాలి. ఆఫీసు బయట సైకిల్ స్టాండు రేకుల కింద బల్ల వేసుకుని అర్జీలు రాసే నా దగ్గరికి అటెండరు ఖాసీం సాబు వచ్చాడు.

"ఎర్రిసామన్నా, సారు రమ్మంటాండాడు. నిన్ను లాయర్ని చేస్తాడంట."

"నాకు యాభై నాలుగేండ్లప్పా."

"కుర్చీకి వయసుతో ఏం పని? లెయ్."

అట్లా నేను ముప్పయ్యో యువకుణ్ణయ్యాను.

కుళ్లాయమ్మ సంగతి చెప్పాలి. డిగ్రీ పాసై ఆరేళ్లయింది. బస్టాండు వెనక జాకెట్లు కుడుతుంది. తండ్రి లేడు. తల్లి నరసమ్మ మేకలు మేపుతుంది. ఆ తల్లి పింఛను కోసం తల్లీబిడ్డా నాలుగేళ్లు మా ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆ అర్జీలన్నీ రాసింది నేనే. పదిహేడో అర్జీ రాసిన రోజు ఆ పిల్ల నాతో అంది: "చిన్నాయనా, నువ్వు రాసేది వాల్లు సదవరు. వాల్లు రాసేది మనకు అర్థం కాదు. నడాన ఏమో ఒకటి ఉండాది. దాన్నే లా అంటారేమో. నేను అది సదువుతా." అయితే ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తేనే ఆ చదువు. రాకపోతే జాకెట్లే.

శిక్షణ ఇవ్వడానికి జిల్లా కేంద్రం నుంచి హరినాథ్ సారు వచ్చారు. ఎండాకాలంలో టై కట్టుకున్న మనిషిని మా ఊళ్లో అదే చూడడం. మీటింగు హాల్లో బోర్డు మీద 'స్ట్రాటజీ' అని రాసి దాని కింద రెండు గీతలు గీశారు.

కుళ్లాయమ్మ చెయ్యెత్తింది. "సార్, రాజ్యాంగం ఎప్పుడు మొదలుపెడతారు?"

"అది కంటెంటమ్మా. కంటెంటు ఇంట్లో ఎవరైనా చదువుకుంటారు. ఇక్కడ చెప్పేది స్ట్రాటజీ."

నలభై రోజులూ ఆయన ఆ మాట మీదే నిలబడ్డారు. చట్టం అన్న మాట ఆ హాల్లో వినిపించలేదు. సులువైన ప్రశ్నలు ముందు చెయ్యండి. కష్టమైనదానికి చుక్క పెట్టి రివ్యూకు వదలండి. ఏ ప్రశ్న మీదా నలభై సెకన్లు దాటొద్దు. నాలుగు జవాబుల్లో కానివి కొట్టేస్తూ పోతే మిగిలిందే జవాబు. అదీ తోచకపోతే 'సి' పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, తప్పుకు పావు మార్కు కోత ఉంది కాబట్టి తెలియనిదాని జోలికి అస్సలు పోవద్దు.

ఈ ఆఖరి మాట దగ్గర ముందు వరసలో కూర్చున్న పినాకపాణి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"హరినాథ్ గారూ, ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది ఇదేనండీ. దీనికొక పేరుందని ఇవాళ తెలిసింది."

మరుసటి వారం నోటీసు బోర్డు మీద కాగితం పడింది. "పోటీ పరీక్షలయందు సత్ఫలితములిచ్చుచున్న వ్యూహములు పరిపాలనయందు ఏల ఈయరాదను అంశము పరిశీలనకు వచ్చినందున, సదరు వ్యూహములను ఈ కార్యాలయమునందు తక్షణము అమలుపరచవలసినదిగా ఆదేశించడమైనది. ఇకమీదట అర్జీని ప్రశ్న అనియు, అర్జీదారుని ప్రశ్నాపత్రము అనియు, గుమాస్తాను అభ్యర్థి అనియు వ్యవహరించవలెను."

మొదట సమయపాలన వచ్చింది. హైస్కూలు డ్రిల్లు మాస్టరు దగ్గర విజిల్ అరువు తెచ్చి ఖాసీం సాబు మెడలో వేశారు. కౌంటరు దగ్గర ఎవరికైనా నలభై సెకన్లే. జంగాలపల్లె నారెప్ప పొలానికి దారి లేదని మొరపెట్టుకోవడానికి వచ్చాడు. ముసలాయన కర్ర గోడకానించి కూర్చునేసరికి ఇరవై సెకన్లయింది. కండువాతో మొహం తుడుచుకునేసరికి ఇంకో పదిహేను. "సామీ..." అన్నాడు. విజిల్ పడింది. మరుసటి సోమవారం ఆయన జంగాలపల్లె నుంచి నడిచొస్తూ దారంతా సాధన చేసి, నిలబడే, గుక్క తిప్పుకోకుండా ముప్పై ఆరు సెకన్లలో చెప్పేశాడు.

సీనియర్ అసిస్టెంటు మద్దిలేటి మెచ్చుకోలుగా తలూపాడు. "బాగా చెప్పినావు పెద్దాయనా. మిగిలిన నాలుగు సెకన్లలో నేనేం చేసేది?"

తర్వాత నా వృత్తి మీదికి వచ్చింది. ముప్పై ఏళ్లుగా 'మహారాజరాజశ్రీ' అని మొదలుపెట్టి 'చిత్తగించవలెను' అని ముగించే చేతితో ఎ, బి, సి, డి రాయవలసి వచ్చింది. నాలుగు జవాబులు లేని అర్జీ తీసుకోరు. నారెప్పకు నేనే రాసిచ్చాను: నా పొలమునకు దారి ఏ దిక్కున కలదు? ఎ) తూర్పు బి) పడమర సి) దక్షిణం డి) ఉత్తరం.

మద్దిలేటి పెన్సిలు తీసుకుని కానివి కొట్టేయడం మొదలుపెట్టాడు. తూర్పున వంక పారుతోంది, కొట్టేశాడు. పడమర గుట్ట, కొట్టేశాడు. దక్షిణాన దారి మూసిన ఆసామి ఉన్నాడు, ఆయన ఒప్పుకోడు, కొట్టేశాడు. ఉత్తరాన ఏముంది పెద్దాయనా అంటే, నా పొలమే సామీ, ఇంకో చెక్క అన్నాడు నారెప్ప. నారెప్ప పొలానికి దారి నారెప్ప పొలంలోంచే ఉన్నదని తేల్చి కాగితమిచ్చారు.

"ఆ చెక్కలోకి ఎట్ల పోయేది సామీ?"

"అది ఇంకో ప్రశ్న. ఇంకో అర్జీ పెట్టు."

రేషను కార్డుల సెక్షనులో భిన్నమైనదానిని గుర్తించే పద్ధతి పెట్టారు. ఒక కార్డులో నాలుగు పేర్లున్నాయి: వెంకటేశు, వెంకటలక్ష్మి, వెంకటరమణ, ఫకీరమ్మ. ఫకీరమ్మను తీసేశారు. ఆమె కార్డు పట్టుకుని వచ్చి కౌంటరు కమ్మీ పట్టుకుంది.

"వాల్లనంతా కనింది పెంచింది నేను. నేనెట్ల యేరైతి నాయినా?"

"అవ్వా, నీ పేర్లో వెంకట ల్యా," అన్నాడు గుమాస్తా, ఎంతో ఓపికగా.

ఇంతవరకూ పని ఏదో ఒక రకంగా జరుగుతూనే ఉండేది. పావు మార్కు కోత వచ్చాక అదీ ఆగింది. ప్రతి ఉద్యోగికీ నెలనెలా మార్కులు వేయడం మొదలుపెట్టారు. సరైన ఉత్తర్వుకు ఒక మార్కు, తప్పుకు పావు కోత, ఖాళీగా వదిలితే ఏమీ లేదు. కాకపోతే ఏది సరైనదో తేల్చే 'కీ' పైనుంచి రావాలి. కీ ఎప్పుడొస్తుందో పైవాళ్లకే తెలియదు. కోతకు మాత్రం కీతో పనిలేదు, ఎవరైనా వచ్చి అరిస్తే చాలు. ఆ నెల ఆర్ఐ ప్రమీల మేడమ్ ఎండలో తిరిగి నలభై అర్జీలు విచారించింది. ఎనిమిది మంది వచ్చి అరిచారు. ఆమెకు మైనస్ రెండు వచ్చింది. మద్దిలేటి ఒక్క కాగితమూ ముట్టలేదు. సున్నా తెచ్చుకుని ఆఫీసుకు ఫస్టు వచ్చాడు.

శాలువా కప్పించుకుని అతను నాలుగు మాటలు మాట్లాడాడు. "ఏమీ చేయకుండా కూర్చోవడం అలవోకగా వస్తుందని అందరూ అనుకుంటారు. కుర్చీ లాగుతుంది, పెన్ను లాగుతుంది, ఎదురుగా మనిషి ఏడుస్తాంటే చెయ్యి దానంతటదే పోతుంది. పట్టుకోవాల." హాలంతా చప్పట్లు. ప్రమీల మేడమ్ కూడా కొట్టింది. మరునాటి నుంచి ఆమె ఊళ్లకు పోలేదు. వచ్చిన ప్రతి కాగితానికీ ఎర్రచుక్క పెట్టి రివ్యూ బీరువాలో వేశారు. నెల తిరిగేసరికి బీరువాలు మూడయ్యాయి. రాగులకుంట ఆఫీసులో ఒక్క పొరపాటూ లేదని జిల్లా అంతా చెప్పుకున్నారు.

జూన్లో పరీక్ష. ముప్పై మందికీ హాల్ టికెట్లు వచ్చాయి గనక ముప్పై మందీ పోయాం. మద్దిలేటి నూట ఇరవై ప్రశ్నలూ వదిలేసి, తనకు ఒక్క కోతా పడలేదని బయటికొచ్చి మీసం దువ్వాడు. నేను అన్నిటికీ 'సి' పెట్టాను. తహశీల్దారు గారికంటే నాకు రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కుళ్లాయమ్మ మాత్రం మిషను పక్కన పుస్తకం తెరిచిపెట్టుకుని, జాకెట్టుకు చేతులు అతికిస్తూ రాజ్యాంగమూ, గుండీలు కుడుతూ కాంట్రాక్టు చట్టమూ చదివింది. ఆమెకు రెండు వందల పద్నాలుగో ర్యాంకు వచ్చింది.

సర్టిఫికెట్ల వెరిఫికేషను శనివారమని మెసేజి వచ్చింది. అన్నీ ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆదాయ ధ్రువపత్రం ఒక్కటి కావాలి. అది మా ఆఫీసు ఇవ్వాలి.

సోమవారం కుళ్లాయమ్మ అర్జీ ఇచ్చి రసీదు తీసుకుంది. మద్దిలేటి కాగితం అటూ ఇటూ తిప్పి నిట్టూర్చాడు.

"ఇది కష్టమైన ప్రశ్న మ్మే. ఏడాదికి ఎన్ని జాకెట్లు కుడతావో నాకేం తెలుసు? మేక ఎంతకు పోతుందో మీయమ్మకే తెలీదు."

"విచారించండి సార్. ఆర్ఐ మేడమ్‌ని పంపండి."

"విచారించినామంటే అటెంప్టు చేసినట్టే కదా!" అని ఎర్రచుక్క పెట్టాడు.

మంగళవారం ఆమె నోరు తెరిచేలోగా విజిల్ పడింది. బుధవారం తహశీల్దారు గారి గదిలోకే పోయింది. ఆయన లేచి నిలబడి ఆశీర్వదించారు.

"మన సెంటరు ముద్దుబిడ్డవమ్మా నువ్వు. నీకు తెలియని స్ట్రాటజీనా? కష్టమైనవాటిని చివరి పది నిమిషాల్లో తీస్తాం."

"ఆ చివరి పది నిమిషాలు ఎప్పుడొస్తాయి సార్?"

ఆయన క్యాలెండరు వైపు చూశారు. "నా రిటైర్మెంటుకు ఇంకా ఏడేళ్లుంది."

గురువారం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏడుపు లేదు. రసీదు బల్ల మీద పెట్టి అంది: "ఫీజు మనమే కట్టుకుందాంలే అంటాంది అమ్మ. రేపు శుక్రవారం సంతకు మేకల్నన్నీ తోలుతుందంట. కొమ్ములకు రంగు కూడా పూసింది చిన్నాయనా."

"ఇంకొక అర్జీ రాద్దామా?" అన్నాను. అది తప్ప నాకింకేమీ రాదు.

"నువ్వొద్దు. కాగితం నాకియ్యి."

శుక్రవారం పది గంటలకు ఆమె కౌంటరు ముందు నిలబడింది. వెనకాల నేనున్నాను. బయట నరసమ్మ మేకల మందతో ఉంది. సంతకు పోయే దారి మా ఆఫీసు ముందు నుంచే. కూతురు ఆగమన్న మేరకు ఆగింది. కుళ్లాయమ్మ కాగితాన్ని మద్దిలేటి ముందు పెట్టి పైకే చదివింది.

"ప్రశ్న: కుళ్లాయమ్మకు ఆదాయ ధ్రువపత్రము ఇవ్వకపోవుటకు కారణమేమి? ఎ) ఆమె ఆదాయము పరిమితికి మించినదని విచారణలో తేలినందున. బి) అర్జీ అందనందున. సి) ఇవ్వరాదని పైవారి ఉత్తర్వు ఉన్నందున. డి) పైవేవీ కావు. గమనిక: జవాబు గుర్తించి సంతకము, ముద్ర వేయగలరు. ఖాళీగా వదిలినచో 'బి' అని గుర్తించినట్లు భావించి, సోమవారము మీరిచ్చిన రసీదును జతపరచి, మూల్యాంకనము నిమిత్తము జిల్లా కలెక్టరు గారికి పంపబడును."

మద్దిలేటి పెన్సిలు తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. ఖాళీ వదిలితే తప్పయ్యే ప్రశ్నను అతను సర్వీసులో చూడలేదు. ఖాసీం సాబు అలవాటుగా విజిల్ ఊదాడు. కుళ్లాయమ్మ కదల్లేదు.

"ఊదు భాయ్, బాగా ఊదు. ఆ నలభై సెకన్లు సారువి, నావి కాదు. పరీక్ష రాస్తాండేది ఆయన."

మద్దిలేటి ఆ కాగితాన్ని వేడి గిన్నెను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని లోపలికి పరుగెత్తాడు. మేమూ వెంట పోయాం. పినాకపాణి గారు చదివి, ఇంకోసారి చదివి, మొహం విప్పార్చుకున్నారు.

"అమోఘం! మోడల్ ప్రశ్న! మద్దిలేటీ, ఇట్లాంటిది చూసి భయపడతావేమయ్యా? ఎలిమినేషన్ పద్ధతి! విచారణే చేయలేదు కాబట్టి 'ఎ' పోయింది. రసీదు ఇచ్చాం కాబట్టి 'బి' పోయింది. ఇవ్వొద్దని పైనుంచి ఉత్తర్వేదీ రాలేదు కాబట్టి 'సి' పోయింది. మిగిలింది?"

"డి, సార్," అన్నాడు మద్దిలేటి.

తహశీల్దారు గారు 'డి' చుట్టూ సున్నా చుట్టి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇరవై రెండు సెకన్లేనని గడియారం చూపించారు. కుళ్లాయమ్మ ఆ కాగితం అందుకుని జాగ్రత్తగా మడిచింది.

"సార్, నాకు సర్టిఫికెట్ ఇయ్యకపోయేదానికి ఏ కారణమూ ల్యాదని మీరే సంతకం పెట్టినారు. ఇప్పుడు ఇయ్యడమా, ఇయ్యకపోవడమా? ఒకదాన్ని మీరే కొట్టేసినారు."

పినాకపాణి గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన అంతసేపు ఒక్క ప్రశ్న మీద ఉండడం అదే మొదటిసారి.

"మిగిలింది... ఇవ్వడమే," అన్నారు నెమ్మదిగా. "ఇది ఏ స్ట్రాటజీ అమ్మా?"

"ఇది కంటెంటు సార్."

సాయంత్రం నాలుగున్నరకు ధ్రువపత్రం చేతికొచ్చింది. ఆలోగా నరసమ్మ మేకలు ఆఫీసు ఆవరణలోని క్రోటను మొక్కలన్నీ తినేశాయి. సంత అయిపోయింది. బస్టాండు దాకా పోయాక కుళ్లాయమ్మ కాగితాన్ని చదివి నాకిచ్చింది. పేరు సరిగ్గా ఉంది, ఊరు సరిగ్గా ఉంది, ముద్ర దివ్యంగా ఉంది. వార్షిక ఆదాయం అన్నచోట మద్దిలేటి అందమైన దస్తూరీతో 'సి' అని రాశాడు.

నేను తల పట్టుకున్నాను. వెనక్కి పరుగెత్తితే ఆఫీసుకు తాళం పడింది.

శనివారం పొద్దున ఆ కాగితంతోనే జిల్లా కేంద్రానికి పోయాం. వెరిఫికేషను బల్ల దగ్గర మెడకు మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దమనిషి ధ్రువపత్రం చూసి కనుబొమలు ముడిచాడు. ఆయన తన దగ్గరున్న ఫారం బయటికి తీశాడు. అందులో ఆదాయం గడి కింద నాలుగు అంతస్తులు అచ్చువేసి ఉన్నాయి. మూడోది, రెండు లక్షల లోపు. దానికెదురుగా 'సి'.

"మండలాఫీసు వాళ్లు ఇంత సూటిగా రాసిస్తే మా పని ఎంత సులువు!" అని టిక్కు పెట్టి ముద్ర గుద్దాడు. సీటొచ్చింది. ఫీజు లేదు. కీ లేకుండా మద్దిలేటి రాసిన సరైన జవాబు సర్వీసు మొత్తంలో అదొక్కటే. దానికింకా మార్కు పడలేదు.

తిరుగు బస్సులో కుళ్లాయమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. వారమంతా ఆ పిల్ల కన్ను మూసినట్టు లేదు.

పినాకపాణి గారు పైకి నివేదిక పంపారు. "ముప్పది మంది అభ్యర్థులకుగాను ఒకరు ఎంపికైనారు. మిగిలిన ఇరువది తొమ్మిది మందిని ఎట్టి పొరపాటు లేకుండా ఎలిమినేట్ చేయడమైనది. కావున ఫలితము నూరు శాతము." పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఆఫీసు గేటు మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. నడుమ తహశీల్దారు గారు, పక్కన టైతో హరినాథ్ సారు, చుట్టూరా సిబ్బంది. నరసమ్మ మేకల్ని ఆపి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని, ఆ మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా వెతికింది.

"మా పిల్ల యాడప్పా ఎర్రిసామీ?"

"ఫోటో అర్జీకి అంటించి ఉండాదంట వదినా. ఆ అర్జీ బీరువాలో ఉండాది. రివ్యూ అయినాక ఏస్తారంట."

"పోనీలే. ఇంతమంది మొగోల్ల మధ్యలో దానికేం పని?" అని మేకల్ని అదిలించుకుంటూ పోయింది.

మూడు వారాలకు గాలివాన వచ్చింది. ఫ్లెక్సీ తాళ్లు తెంపుకుని ఎగిరి వంకలో పడింది. ఎవరూ వెతకలేదు. వెతకడమంటే అటెంప్టు చేయడమే కదా. నరసమ్మ దాన్ని చుట్టి నెత్తిన పెట్టుకుపోయి మేకల దొడ్డి మీద పరిచి, నాలుగు వైపులా రాళ్లు పెట్టింది. రంగు వెలిసిపోకూడదని బొమ్మలు లోపలివైపుకు తిప్పింది. కుళ్లాయమ్మ కాలేజీ హాస్టలు నుంచి ఉత్తరం రాస్తే చదివి పెట్టడానికి మొన్న వాళ్లింటికి పోయాను. వాన పడుతూనే ఉంది. దొడ్డిలో మేకలన్నీ పొడిగా పడుకుని నెమరు వేస్తున్నాయి. పైనుంచి పినాకపాణి గారూ, మద్దిలేటీ, తక్కినవారూ చిరునవ్వుతో వాటినే చూస్తున్నారు.

"మంచోల్లప్పా మన ఆఫీసోల్లు," అంది నరసమ్మ, ఒక పిల్లమేకను ఒళ్లోకి లాక్కుంటూ. "నెల దినాలాయె. ఒక్కడూ కదల్యా, ఒక్క సుక్కా కారల్యా."